బ్లేడు విరిగితే కేసింగ్ ఆపుతుంది, డిస్కు పగిలితే ఏదీ ఆపలేదు

జెట్ ఇంజన్‌లో బ్లేడు విరిగితే ఏమవుతుందని అడిగితే ఎక్కువ మంది చెప్పే జవాబు ఒకటే. చుట్టూ దిట్టమైన కేసింగ్ ఉంటుంది, ముక్కలు బయటికి రావు, మిగిలిన ఇంజన్‌తో విమానం క్షేమంగా దిగిపోతుంది. చాలాసార్లు జరిగేది కూడా అదే. కానీ ఆ జవాబు దగ్గరే ఆగిపోతే 2018లో ఫిలడెల్ఫియాకు మళ్లించిన విమానంలో కిటికీ ఎందుకు పగిలిందో, 2021లో డెన్వర్ పక్కన ఒక ఇంటి ముంగిట ఇంజన్ ముందు భాగపు చట్రం ఎందుకు వచ్చి పడిందో అర్థం కాదు. కేసింగ్ ఇచ్చే హామీ చాలా ఇరుకైనది. విరిగిన ఒక్క బ్లేడు కేసింగ్ గోడను చీల్చుకుని బయటికి రాదు, అంతవరకే. కేసింగ్‌కు ముందు బిగించిన, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్, ఇంజన్ పైన తొడుగులా కప్పిన కౌల్ ఆ హామీలోకి పూర్తిగా రావు. బ్లేడ్లను పట్టుకుని తిరిగే డిస్కు అసలే రాదు. కాబట్టి ఈ విషయంలో అసలు భద్రత గోడ మందంలో కన్నా, లోహంలో పగులు పుట్టడానికీ అది విరగడానికీ మధ్య దొరికే గడువులోనే ఎక్కువగా ఉంది.

విరిగే క్షణంలో ఉండే బలం

ముందు లెక్క చూద్దాం. బోయింగ్ 737-700, 737-800 విమానాలకు ఉండే సీఎఫ్ఎం56-7బీ ఇంజన్‌లో ముందు కనిపించే ఫ్యాను వ్యాసం సుమారు 155 సెంటీమీటర్లు. అందులో టైటానియం బ్లేడ్లు 24. ఫ్యాను వేగం నూరు శాతం అంటే నిమిషానికి 5,175 చుట్లు. ఆ వేగంలో బ్లేడు కొస సెకనుకు సుమారు 420 మీటర్లు పోతుంది. ఇది నేల మీద గాలిలో ధ్వని వేగం కన్నా ఎక్కువ.

బ్లేడు బరువు 5 కిలోలు, దాని గరిమనాభి ఇరుసుకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బ్లేడును బయటికి లాగే బలం 65 టన్నులు దాటుతుంది. ఈ మొత్తం భారాన్ని మోసేది డవ్‌టెయిల్ అని పిలిచే బ్లేడు మొదలు. పావురం తోకలా విచ్చుకున్న ఆకారంలో ఉండి, డిస్కు అంచున కోసిన గాడిలో కూర్చునే భాగం అది. ఇంజన్ వేగం పుంజుకున్న ప్రతిసారీ ఆ మొదలు గాడి గోడలను నొక్కుకుంటూ వెంట్రుకవాసి జారుతుంది, వేగం తగ్గినప్పుడు మళ్లీ వెనక్కి వస్తుంది. పగులు సాధారణంగా మొదలయ్యేది ఈ నొక్కుడు అంచులోనే.

బ్లేడు ఊడిన క్షణంలో దాని గమన శక్తి సుమారు ఒకటిన్నర లక్షల జౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ దెబ్బంతా అరచేయి వెడల్పు మేర గోడ మీద పడుతుంది. పెద్ద ఇంజన్లలో ఇది ఇంకా ఎక్కువ. బోయింగ్ 777కు వాడిన ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ4000 శ్రేణి 112 అంగుళాల ఫ్యానులో ఒక్కో బ్లేడు పొడవు మీటరు పైమాటే, బరువు 15 కిలోలకు పైగా ఉండవచ్చు. లోపల బోలుగా తయారు చేసిన టైటానియం బ్లేడుకే అంత బరువు.

దెబ్బ ఒక్కటే అయితే సమస్య సగం తీరినట్టే. బ్లేడు పోయిన ఫ్యాను ఆగిపోదు. ఇప్పుడది ఒక పక్కకు 65 టన్నుల అసమతుల్యతతో, సెకనుకు 86 సార్లు చుట్టూ గుంజుతూ తిరుగుతుంది. బేరింగులు, ఇంజన్‌ను రెక్కకు కట్టిన మౌంట్లు, ఇంధనపు గొట్టాలు, గేర్‌బాక్సు అన్నీ ఆ ఊపును తట్టుకోవాలి. బ్లేడు ప్రమాదాల్లో మంటలు పుట్టేది చాలావరకు ఈ ఊపు వల్లే. గుద్దిన బ్లేడు వల్ల పుట్టడం తక్కువ.

కేసింగ్ ఎలా పట్టుకుంటుంది

ఫ్యాను కేసింగ్‌లు ప్రధానంగా రెండు పద్ధతుల్లో వస్తాయి. మొదటిది గట్టి గోడ: టైటానియంతోనో ఉక్కుతోనో చేసిన మందపాటి వలయం సాగుతూ, వంగుతూ దెబ్బ శక్తిని మింగేస్తుంది. రెండోది మెత్తని గోడ: పలుచని అల్యూమినియం కేసు మీద కెవ్లార్ అనే చాలా గట్టి నారతో నేసిన పొడి బట్టను పొరలు పొరలుగా చుడతారు. ఈ రెండో రకంలో బ్లేడు లోహాన్ని చీల్చుకుని వస్తుంది, బట్ట దాన్ని ఉబ్బుతూ పట్టుకుంటుంది. బట్ట ఉబ్బడానికి చోటు ఉండాలి కాబట్టి కేసింగ్‌కూ పైన కౌల్‌కూ మధ్య ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోకి ఏ గొట్టాన్నో తీగనో సర్దితే బ్లేడు ఆగినా ఆ గొట్టం తెగుతుంది. జీఈఎన్ఎక్స్ లాంటి కొత్త ఇంజన్లలో కేసింగ్‌నే కార్బన్ ఫైబర్ అల్లికతో చేస్తున్నారు. బ్లేడు కూడా కార్బన్ మిశ్రమమే అయితే తేలిక, పైగా గోడకు తగలగానే ముక్కచెక్కలవుతుంది కాబట్టి కేసింగ్ పని సులువవుతుంది. పక్షులు తగిలినప్పుడు కోసుకుపోకుండా ఆ బ్లేడ్ల ముందు అంచుకు టైటానియం తొడుగు వేస్తారు.

ఊడిన బ్లేడు ప్రయాణం ఇలా సాగుతుంది. ఫ్యాను ఒక చుట్టు తిరగడానికి పట్టేది 12 మిల్లీసెకన్ల లోపే. ఆ కాలంలో కొంత గడవగానే బ్లేడు కొస కేసింగ్ లోపలి మెత్తని పూతను గీరుకుంటూ గోడను తాకి మడతపడుతుంది. వెనకనే వస్తున్న బ్లేడు దాన్ని కొడుతుంది. దాంతో కొస భాగం విరిగి ముందుకు ఎగరవచ్చు. బరువెక్కువున్న మొదలు భాగం కాస్త ఆలస్యంగా, ఇంకో చోట, కొంచెం వెనకగా గోడను గుద్దుతుంది. కేసింగ్‌ను అన్నిచోట్లా ఒకే మందంతో చేయరు. మొదలు భాగం తగిలే పట్టీ దగ్గర బలం ఎక్కువ పెడతారు. ముందుకు ఎగిరిన చిన్న ముక్కలు సుడి తిరుగుతూ ఇన్‌లెట్‌లోకి పోతాయి. ఆ ఇన్‌లెట్‌ను చేసేది చాలాసార్లు విమానాన్ని తయారు చేసే సంస్థో దాని సరఫరాదారో, ఇంజన్ తయారీదారు కాదు. ఈ విభజనే తర్వాత పెద్ద చిక్కు తెచ్చింది.

ఏది పరీక్షించారు, ఏది పరీక్షించలేదు

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో 33.94, యూరప్ నిబంధనల్లో సీఎస్-ఈ 810 ఈ పరీక్ష గురించి చెబుతాయి. ఇంజన్‌ను పరీక్షా మంచె మీద బిగించి, అనుమతించిన గరిష్ఠ వేగానికి తీసుకెళ్లి, అత్యంత ప్రమాదకరమైన ఒక ఫ్యాను లేదా కంప్రెసర్ బ్లేడును విరగ్గొట్టాలి. సాధారణంగా బ్లేడు మొదలు దగ్గర చిన్న పేలుడు పదార్థం పెట్టి ఆ క్షణాన పేలుస్తారు. ఆ తర్వాత ఇంజన్ తనంతట తాను ఆగిపోతే సరి, లేకపోతే కనీసం 15 సెకన్లు నడవాలి. ముక్కలు కేసింగ్‌లోనే ఉండాలి, మంట అంటుకోకూడదు, మౌంట్లు తెగకూడదు. అలాంటిదే ఒక పరీక్షో, అంతకు సమానమైన విశ్లేషణో టర్బైన్ బ్లేడుకూ ఉండాలి.

అసమతుల్యతను తట్టుకోవడానికి కొన్ని ఇంజన్లలో తెలివైన ఏర్పాటు ఒకటి చేస్తారు. ముందు బేరింగ్‌ను పట్టుకున్న ఆధారాన్ని ఒక భారం దాటాక తెగేలా తయారు చేస్తారు. అది తెగగానే ఫ్యాను తన కొత్త గరిమనాభి చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, విమానానికి చేరే ఊపు తగ్గుతుంది. తెగడమే దాని పని. ఆ తర్వాత ఇంజన్ ఆపేసినా ఎదురుగాలికి ఫ్యాను మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. సముద్రం మధ్యలో ఉన్న విమానం ఆ ఊపుతో గంటల తరబడి ఎగరాల్సి రావచ్చు కాబట్టి విమాన నిర్మాణానికీ ఆ మేరకు లెక్క చూపించాలి.

ఈ పరీక్ష చాలా కఠినమైనది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. కానీ అది ఒక ఇంజన్ మీద, ఒకే ఒక్కసారి, ఒక కోణంలో, కదలని మంచె మీద జరుగుతుంది. గంటకు వందల కిలోమీటర్ల ఎదురుగాలి అక్కడ ఉండదు. కౌల్, ఇన్‌లెట్ విషయంలో పరీక్ష కొలతలను విశ్లేషణకు అన్వయించి నిరూపిస్తారు. ఆ విశ్లేషణలో ఊహించని దారి ఒకటి ఉంటే, అది ఆకాశంలోనే బయటపడుతుంది.

సౌత్‌వెస్ట్ ఘటనలు రెండు

2016 ఆగస్టు 27న న్యూ ఆర్లీన్స్ నుంచి ఓర్లాండో వెళ్తున్న సౌత్‌వెస్ట్ 3472 విమానంలో ఎడమ ఇంజన్ ఫ్యాను బ్లేడు విరిగింది. ఇన్‌లెట్ చాలావరకు ఊడిపోయింది, ఒక ముక్క విమానం పక్కను చీల్చింది, లోపలి గాలి ఒత్తిడి పోయింది. విమానం పెన్సకోలాలో దిగింది. ఎవరికీ గాయాలు కాలేదు. 2018 ఏప్రిల్ 17న న్యూయార్క్ నుంచి డల్లాస్ వెళ్తున్న సౌత్‌వెస్ట్ 1380లోనూ అదే రకం ఇంజన్, అదే ఎడమ వైపు, అదే డవ్‌టెయిల్ పగులు. ఈసారి కౌల్ ముక్క కిటికీని పగలగొట్టింది. ఆ వరుసలోని ప్రయాణికురాలు ప్రాణాలు కోల్పోయింది.

అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తులో తేలిన దారి ఇది. బ్లేడు కేసింగ్‌ను తాకిన చోటు అడుగు భాగానికి దగ్గరగా ఉంది. కౌల్ రెండు తలుపులు కలిసి గొళ్లేలు పడేది కూడా అక్కడే. దెబ్బకు కేసింగ్ ఉబ్బి అల కదిలినట్టు కదిలింది. కౌల్‌ను కేసింగ్‌కు కుదురుగా ఆనించే ఫిట్టింగ్ ద్వారా ఆ కదలిక కౌల్‌లోకి పాకింది. కౌల్ పగిలి, గొళ్లేలు వీడి, ఎదురుగాలి దాన్ని పెకలించింది. బ్లేడు గుద్దే చోటు మారితే కౌల్ బతికేదేమో. అంటే బ్లేడు ఏ కోణంలో విరుగుతుందన్నది కౌల్ భవితవ్యాన్ని తేల్చేస్తోంది, కానీ మూల ఆమోద పరీక్షలో ఆ కోణానికి అంత ప్రాముఖ్యం ఉందని ఎవరికీ తెలియలేదు. కౌల్ నిర్మాణాన్ని మార్చాలని ఎన్‌టీఎస్‌బీ బోయింగ్‌కు చెప్పింది ఇందుకే.

విరిగిన బ్లేడు అప్పటికి 32,636 సైకిళ్లు పూర్తి చేసింది. ఒక సైకిల్ అంటే ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్. 2012లో ఆ బ్లేడును ఓవర్‌హాల్ చేసినప్పుడు, పగుల్లోకి దిగే మెరిసే ద్రవం పూసి చూసే పెనెట్రెంట్ తనిఖీ చేశారు. పగులు అప్పటికే ఉండి ఉంటుందనీ, ఆ తనిఖీకి చిక్కలేదనీ దర్యాప్తు అభిప్రాయపడింది. అంటే అయిదేళ్లకు పైగా, పది వేలకు పైగా సైకిళ్ల పాటు అది మెల్లగా పెరిగింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అత్యంత ముఖ్యమైన సంగతి ఇదే: లోహం చాలా కాలం ముందే హెచ్చరించింది, వినే పద్ధతి చాలలేదు.

777 ఘటనలో మంట ఎందుకు ఆరలేదు

2021 ఫిబ్రవరి 20న డెన్వర్ నుంచి హోనొలులు బయలుదేరిన యునైటెడ్ 328లో కుడి ఇంజన్ బోలు బ్లేడు ఒకటి మొదలు దగ్గర విరిగింది, పక్క బ్లేడు మధ్యలో తెగింది. కేసింగ్ తన పని తాను చేసింది. అయినా ఇన్‌లెట్, కౌల్ ఊడి బ్రూమ్‌ఫీల్డ్ ఇళ్ల మధ్య పడ్డాయి. విమానం తిరిగి డెన్వర్‌లో దిగేదాకా ఇంజన్ కింద మంట కనిపిస్తూనే ఉంది.

ఇన్‌లెట్ ఊడడానికి కారణం ఆలోచింపజేసేది. అభివృద్ధి దశలో బ్లేడు పరీక్ష చేసినప్పుడు ఇన్‌లెట్‌లో అల్యూమినియం నిర్మాణం ఉంది. ఉత్పత్తిలోకి వచ్చిన ఇన్‌లెట్‌లో కార్బన్ ఫైబర్ తేనెతుట్టె పలకలు వాడారు. అల్యూమినియం వంగుతూ శక్తిని మింగినట్టు కార్బన్ మింగదు. ఒక దశ దాటాక చిట్లిపోతుంది. మంట విషయానికొస్తే, విపరీతమైన ఊపుకు ఇంజన్ మధ్య భాగంలో కే ఫ్లాంజ్ అనే అతుకు విడిపోయి వేడి వాయువులు కౌల్ కిందికి వచ్చాయి. మండే ద్రవాలు మోసే భాగాలు కూడా దెబ్బతిన్నాయి. మంట అక్కడి నుంచి, దిగాక విమానాన్ని నెమ్మదింపజేయడానికి గాలిని ముందుకు మళ్లించే థ్రస్ట్ రివర్సర్‌లోకి పాకింది. పైలట్లు వదిలే మంటలార్పే వాయువు చేరేది కౌల్ కింద నిర్దేశించిన మంట గది వరకే. రివర్సర్ దాని హద్దుకు ఆవల ఉంది. ఎంత సక్రమంగా సీసాలు వదిలినా ఆ మంట ఆరే వీలు లేదు.

అదే రకం బ్లేడు 2018 ఫిబ్రవరిలో హోనొలులు వెళ్తున్న యునైటెడ్ 1175లోనూ విరిగింది. 2020 డిసెంబరులో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో నహా దగ్గరా అదే జరిగింది. ఈ రెండు హెచ్చరికల తర్వాత కూడా తనిఖీ గడువు 6,500 సైకిళ్ల దగ్గరే ఉంది. 328లో విరిగిన బ్లేడు తన ఆఖరి తనిఖీ తర్వాత 2,979 సైకిళ్లకే తెగింది. గడువులో సగం కూడా కాలేదు. పగులు ఎంత వేగంగా పెరుగుతుందన్న అంచనా తప్పితే క్రమం తప్పని తనిఖీ కూడా పనికిరాదని ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

టర్బైన్ బ్లేడ్ల సంగతి

వెనక ఉండే టర్బైన్ బ్లేడ్లు చిన్నవి, తేలికైనవి. నికెల్ మిశ్రమంతో, ఒకే స్ఫటికంగా పోతపోసి, లోపల చల్లగాలి దారులు పెట్టి చేస్తారు. చుట్టూ పారే వాయువు వేడి ఆ లోహం కరిగే వేడిని దాటి ఉంటుంది. ఆ చిన్న రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోతే బ్లేడు సాగిపోతుంది, పూత ఊడి తుప్పు పడుతుంది, చివరికి కొస విరుగుతుంది. ముక్క వెనక వరుసల్ని ధ్వంసం చేస్తూ గొట్టం వెంట నిప్పురవ్వలుగా బయటపడుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది, కానీ దాదాపు ఎప్పుడూ కేసింగ్ పట్టుకుంటుంది. సన్నని గొట్టపు కెమెరాతో లోపల చూసే బోరోస్కోప్ తనిఖీ, బయటికి పోయే వాయువు వేడి హద్దుకు దగ్గరవడం చాలాసార్లు దీన్ని ముందే పట్టిస్తాయి.

డిస్కుకు కవచం లేదు

ఇప్పుడు అసలు భయం. బ్లేడ్లను పట్టుకునే డిస్కు మూడు ముక్కలైతే ఒక్కో ముక్క శక్తి ఎంత? నమూనాగా 100 కిలోల టర్బైన్ డిస్కు నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. బరువంతా సగటున ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్కిస్తే, మూడో వంతు ముక్కలో 7 లక్షల జౌళ్లకు పైగా శక్తి ఉంటుంది. ఫ్యాను బ్లేడుకు దాదాపు అయిదింతలు. బరువు కూడా ఏడింతలకు పోతుంది. దాన్ని ఆపగల కవచం ప్రతి దశ చుట్టూ పెడితే ఇంజన్ ఎగరలేనంత బరువవుతుంది. కాబట్టి నిబంధనలు వేరే దారి పట్టాయి: డిస్కు పగలకూడదు, పగిలితే ముక్కలు ఎటు పోయినా విమానం బతికేలా ఉండాలి.

విమాన నిర్మాణానికి వర్తించే 25.903(డి), దానికి తోడుగా ఎఫ్ఏఏ ఇచ్చిన ఏసీ 20-128ఏ మార్గదర్శకం ఇక్కడ పనిచేస్తాయి. డిస్కులో మూడో వంతు ముక్కను అనంత శక్తి గలదిగా భావించాలి, అంటే దారిలో ఏది అడ్డొచ్చినా కోసుకుపోతుందనుకోవాలి. అది డిస్కు తిరిగే తలానికి అటూ ఇటూ 3 డిగ్రీల లోపు ఎటైనా వెళ్లవచ్చు. మధ్య తరహా ముక్కకు 5 డిగ్రీలు, చిన్న ముక్కలకు 15 డిగ్రీలు. ఈ కోణాల్లో హైడ్రాలిక్ గొట్టాలు, నియంత్రణ తీగలు, ఇంధన ట్యాంకులు ఎక్కడెక్కడ తగులుతాయో చూసి, జంటగా ఉన్న వ్యవస్థలను విడివిడి దారుల్లో నడపాలి. చివరికి మూడో వంతు ముక్క ఒకటి ఎగిరినప్పుడు విమానం కూలే అవకాశం 20లో 1కి మించకూడదు. ఆ సంఖ్య సున్నా కాదు. విమానాన్ని గీసేవారికి ఇది తెలుసు. ప్రయాణికులకు చెప్పే మాటల్లో మాత్రం ఇది దాదాపు ఎప్పుడూ వినిపించదు.

ఈ జాగ్రత్తలు ఎందుకు అవసరమో 1989 జూలై 19 చెబుతుంది. యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానంలో తోక ఇంజన్ ఫ్యాను డిస్కు పగిలింది. మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు విడివిడిగా ఉన్నా, తోకలో మూడూ దగ్గర దగ్గరగా నడిచాయి. ఒకే ఘటనలో మూడూ పోయాయి. సూ సిటీలో దిగుతూ కూలిన ఆ విమానంలో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. డిస్కులో తప్పు టైటానియం కరిగించినప్పుడే పడింది. నైట్రోజన్ కలిసి గాజులా పెళుసైన చిన్న గడ్డ ఒకటి లోహంలో మిగిలిపోయింది. డిస్కు ఆయుష్షు 18,000 సైకిళ్లు, పగిలింది 15,503 దగ్గర. ప్రమాదానికి 760 సైకిళ్ల ముందే దాన్ని పెనెట్రెంట్‌తో తనిఖీ చేశారు. కంటికి అందాల్సిన పగులు అందలేదు.

2010 నవంబరు 4న సింగపూర్ నుంచి బయలుదేరిన క్వాంటాస్ 32 దారి ఇంకొకటి. ఎయిర్‌బస్ ఏ380 ట్రెంట్ 900 ఇంజన్‌లో నూనె తీసుకెళ్లే చిన్న గొట్టం లోపలి రంధ్రం కేంద్రం తప్పి తయారైంది. ఒక వైపు గోడ పలుచబడి పగిలింది. కారిన నూనె మండి, మధ్య పీడన టర్బైన్ డిస్కును ఇరుసు నుంచి వేరు చేసింది. భారం పోయిన డిస్కు క్షణాల్లో వేగం పెంచుకుని పగిలిపోయింది. ముక్కలు రెక్కను తూట్లు పొడిచి వందల తీగలను తెంచాయి. అందులోని 469 మందికీ గాయం కాలేదు. తర్వాత అలా ఇరుసు వదిలిన టర్బైన్ వేగాన్ని పసిగట్టి ఇంజన్‌ను ఆపేసే రక్షణను సాఫ్ట్‌వేర్‌లో చేర్చారు. డిస్కులకు నిబంధన ప్రకారం గరిష్ఠ వేగానికి 120 శాతం దగ్గర అయిదు నిమిషాలు నడిపి చూపించాల్సిన నిరూపణ ఉంటుంది, కానీ భారం వదిలిన టర్బైన్ ఆ హద్దును కూడా దాటగలదు.

తయారీ తప్పులు కరిగించేటప్పుడే కాదు, రంధ్రం తొలిచేటప్పుడూ పడతాయి. 1996 జూలై 6న పెన్సకోలాలో డెల్టా 1288 టేకాఫ్ పరుగులో ఉండగా ఫ్యాను హబ్ (బ్లేడ్లను పట్టుకునే మధ్య భాగం) పగిలి ఇద్దరు చనిపోయారు. బిగింపు రాడ్డు కోసం తొలిచిన రంధ్రంలో, డ్రిల్లు వేడెక్కి లోహం గుణం మారిన చోట పగులు పుట్టింది. 2016 అక్టోబరులో షికాగోలో అమెరికన్ 383 టర్బైన్ డిస్కు పగిలినప్పుడు ఒక ముక్క 890 మీటర్లకు పైగా ఎగిరి ఒక గిడ్డంగి పైకప్పును చీల్చుకుని లోపల పడింది. ఆ లోపం కూడా నికెల్ మిశ్రమం కరిగినప్పుడు మిగిలినదే.

కాక్‌పిట్‌లో చేయాల్సింది

తీవ్రమైన ఊపు, పెద్ద చప్పుడు వచ్చిన వెంటనే ఇంజన్ ఆపాలన్న తొందర పైలట్‌కు ప్రమాదం. క్రమం ఇలా ఉంటుంది. ముందు విమానాన్ని అదుపులో పెట్టాలి. ఇంజన్ బలాన్ని తనంతట తాను సర్దే ఆటోథ్రాటిల్ తీసేసి, పాడైన ఇంజన్ ఏదో ఇద్దరూ కలిసి సూచికలు చూసి నిర్ధారించుకోవాలి. ఆ ఇంజన్ లీవర్‌ను ఐడిల్‌కు, అంటే కనీస బలానికి తగ్గించాలి. ఆ తర్వాతే ఇంధనం ఆపి, ఫైర్ హ్యాండిల్ లాగాలి. అది ఇంధనం, హైడ్రాలిక్ ద్రవాల కవాటాలను మూసేస్తుంది. మంట హెచ్చరిక నిలిచి ఉంటే సీసా వదలాలి. ఊపు తగ్గకపోతే వేగమూ ఎత్తూ తగ్గించాలి. గాలి ఒత్తిడి పోతే ఆక్సిజన్ మాస్కు వేసుకుని 10,000 అడుగులకు దిగాలి.

నిర్ధారించుకోవడం ఎందుకంత ముఖ్యమో 1989 జనవరి 8న కెగ్‌వర్త్ దగ్గర తేలింది. బ్రిటిష్ మిడ్‌లాండ్ బోయింగ్ 737-400లో ఎడమ ఇంజన్ ఫ్యాను బ్లేడు కొస విరిగింది. కేసింగ్ ఆపింది. పైలట్లు మాత్రం బాగున్న కుడి ఇంజన్‌ను తగ్గించి ఆపేశారు. అదే సమయంలో ఆటోథ్రాటిల్ తీసేయడంతో ఎడమ ఇంజన్ ఊపు కూడా తగ్గి, చేసింది సరైన పనేనని నమ్మించింది. దిగబోతూ బలం పెంచినప్పుడు ఎడమ ఇంజన్ చేతులెత్తేసింది. 47 మంది చనిపోయారు. ఆ బ్లేడుకు పగులు తెచ్చిన కంపనం 10,000 అడుగులకు పైన, ఎక్కే బలంలో మాత్రమే పుట్టేది. నేల మీద చేసిన పరీక్షల్లో కనిపించే వీలే లేదు.

పగులును ముందే పట్టడం

ఫ్లోరొసెంట్ పెనెట్రెంట్ తనిఖీ చూడ్డానికి సులువు, సరిగ్గా చేయడం కష్టం. బ్లేడు మొదలు మీద ఉన్న రాగి-నికెల్-ఇండియం పూతనూ, పొడి కందెననూ పూర్తిగా తీసేయాలి. శుభ్రం చేసి ఆరబెట్టి, మెరిసే ద్రవం పూసి సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. పైన మిగిలిన ద్రవాన్ని కడిగి, డెవలపర్ పొడి చల్లి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూడాలి. ఎక్కువ కడిగితే పగుల్లోని ద్రవం కూడా పోతుంది. తక్కువ కడిగితే అంతా మెరుస్తుంది. పూత తీయడానికి వాడే ఇసుక దెబ్బ పగులు నోటిని మూసేయవచ్చు. నోరు మూసుకున్న పగుల్లోకి ద్రవం దిగదు. అందుకే ఇప్పుడు ఎడ్డీ కరెంట్ పరీక్షకు ప్రాధాన్యం. ప్రోబ్‌లోని చుట్టలో వచ్చిపోయే విద్యుత్ ప్రవాహం లోహంలో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. పగులు వాటి దారిని అడ్డుకుంటే మీటరులో మార్పు కనిపిస్తుంది. నోరు మూసుకున్న పగులు కూడా దొరుకుతుంది.

సీఎఫ్ఎం56-7బీ బ్లేడ్ల మొదలును తీసి మళ్లీ కందెన పూసే గడువును 3,000 సైకిళ్ల నుంచి 1,600కు తగ్గించారు. తీసిన ప్రతిసారీ ఎడ్డీ కరెంట్ పరీక్ష జరుగుతుంది. ఈ రెండు పనులూ ఒకేసారి జరగడం మంచిది, ఎందుకంటే కందెన పోయిన మొదలు జారదు, పట్టుకుపోతుంది. ఒత్తిడి అంచులో పోగుపడి పగులు త్వరగా పుడుతుంది.

గడువు నిర్ణయించే పద్ధతి కూడా తెలుసుకోదగ్గదే. ముందుగా, ఆ తనిఖీ 90 శాతం అవకాశంతో, 95 శాతం విశ్వాసంతో పట్టగల అతి చిన్న పగులు ఎంతో నమూనా ముక్కల మీద తేలుస్తారు. ఆ పగులు విరిగే స్థాయికి చేరడానికి ఎన్ని సైకిళ్లు పడుతుందో లెక్కిస్తారు. ఆ సంఖ్యను రెండుతోనో మూడుతోనో భాగిస్తే, ఒకసారి తప్పిపోయినా మరొక అవకాశం మిగిలే గడువు వస్తుంది. ఎంత పకడ్బందీగా లెక్కించినా తనిఖీ చేసే మనిషి చదవగలిగితేనే దానికి విలువ. యునైటెడ్ 1175 బ్లేడును 2010లోనూ, 2015లోనూ థర్మల్ అకౌస్టిక్ ఇమేజింగ్‌తో చూశారు. అల్ట్రాసోనిక్ కంపనంతో పగులు గోడలు ఒకదానికొకటి రాపిడి చెంది వేడెక్కుతాయి, ఆ వేడిని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పడుతుంది. రెండుసార్లూ సంకేతం కనిపించింది. పెయింటు వల్ల వచ్చిందేనని వదిలేశారు. ఆ పద్ధతిని చాలా కాలం కొత్తగా వస్తున్న పరిజ్ఞానంగానే ఉంచేయడంతో తనిఖీదారులకు క్రమబద్ధమైన శిక్షణ, అర్హతా ప్రమాణం ఏర్పడలేదు. 328 తర్వాత ఆ బ్లేడ్లకు అల్ట్రాసోనిక్ పరీక్షను కూడా తప్పనిసరి చేశారు.

ఏ తనిఖీకీ దొరకని లోపాలూ ఉన్నాయి. 2017 సెప్టెంబరు 30న గ్రీన్‌లాండ్ మీదుగా వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 66 అనే ఏ380లో ఇంజన్ ఫ్యాను హబ్ పగిలి, ఫ్యాను మొత్తం ఊడి మంచు మీద పడింది. విమానం కెనడాలోని గూస్ బేలో దిగింది. పగిలిన హబ్ ముక్క మంచు కింద దొరకడానికి 2019 దాకా పట్టింది, అది దొరికాకే కారణం తేలింది. టైటానియంలో ఒకే దిశకు తిరిగిన స్ఫటికాలు పెద్ద గుంపుగా చేరిన చోట, టేకాఫ్‌లో భారం నిలిచి ఉండే ఆ కొద్ది క్షణాలే లోహాన్ని అలసిపోయేలా చేశాయి. పగులు ఉపరితలం మీద పుట్టలేదు, లోపల పుట్టింది. హబ్ అప్పటికి చేసింది దాదాపు 3,500 సైకిళ్లే. ఆ స్ఫటికాల గుంపును తయారీ దశలో భాగాన్ని కోయకుండా పట్టగల పద్ధతి అప్పట్లో లేదు. ఆ తర్వాత అదే రకం హబ్‌లన్నింటికీ మరిన్ని తనిఖీలు విధించారు. టైటానియం దిమ్మెను సాగగొట్టే దశలో అలాంటి గుంపులు ఏర్పడకుండా ఎలా చూడాలన్నదాని మీద ఇంజన్ తయారీదారులు, లోహం సరఫరా చేసేవారు కలిసి పనిచేయాల్సి వచ్చింది.